ముదిమిలో పశువుల కీళ్లు



తెల్లవారి కొట్టంలోకి వెళ్లి ఎద్దును అదిలించినప్పుడు అది ఎలా లేస్తుందో గమనించండి. వయసులో ఉన్న ఎద్దు ఒక్క ఊపున లేస్తుంది. ముందు వెనుక కాళ్లు నిలబెట్టి, తరువాత ముంగాళ్లు ఎత్తి, ఒళ్లు విరుచుకొని నిలబడుతుంది. పదేండ్లు కాడి మోసిన ఎద్దు అలా లేవలేదు. ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి లేస్తుంది. లేచాక బరువును ఒక కాలి మీది నుంచి మరొక కాలి మీదికి మార్చుకుంటూ కాసేపు అక్కడే నిలుస్తుంది. మొదటి పది ఇరవై అడుగులు కర్రకాళ్లతో నడిచినట్లు నడుస్తుంది. ఆ తరువాత గాని కాళ్లు సాగవు. "ముసలిదైంది, కీళ్లు పట్టేశాయి" అని మనం ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము.

ఆ మాట అబద్ధం కాదు. కాని అందులో రెండు మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వయసు వల్ల కీలులో నిజంగా వచ్చే మార్పు ఒకటి. మన పనితీరు వల్ల ముందుగానే వచ్చే అరుగుదల మరొకటి. ముసలితనం కాకపోయినా ముసలితనంలా కనిపించే జబ్బులు ఇంకొకటి. మొదటిదాన్ని ఆపలేము. రెండోదాన్ని చాలావరకు తగ్గించగలము. మూడోదానిలో కొన్నిటిని పూర్తిగా నయం చేయగలము. వీటిని విడదీసి చూడకపోతే, ఇంకా నాలుగేండ్లు సుఖంగా పనిచేయగల ఎద్దును సంతకు తోలుతాము, లేదా నొప్పితో ఉన్న ఎద్దును బద్ధకమని ములుకోలతో పొడుస్తాము. రెండూ నష్టమే.

కీలులో ఏమున్నది?

బండి ఇరుసు సంగతి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కందెన ఉన్నంతకాలం చక్రం చప్పుడు లేకుండా తిరుగుతుంది. కందెన ఎండితే కీచుమంటుంది, ఆపైన అరగడం మొదలవుతుంది. పశువు కీలు కూడా ఇటువంటిదే గాని, ఇరుసు కంటే ఎంతో నేర్పుగా అమరింది.

రెండు ఎముకల కొనలు ఒకదానిపై ఒకటి కదిలే చోటును కీలు అంటాము. అయితే ఎముక ఎముకను నేరుగా తాకదు. ఒక్కొక్క కొన మీద లేత కొబ్బరిలా తెల్లగా, నున్నగా మెరిసే పొర ఒకటి కప్పి ఉంటుంది. దీనినే మృదులాస్థి అంటారు. దీని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. ఈ రెండు కొనలను చుట్టి ఒక సంచి ఉంటుంది. ఆ సంచి లోపలి పొర కోడిగుడ్డు తెల్లసొన వంటి జిగురు రసాన్ని ఊరిస్తుంది. ఇదే కీలుకు కందెన. సంచికి బయట గట్టి నారల కట్లు ఉండి ఎముకలు పక్కకు జారకుండా పట్టి ఉంచుతాయి. వాటిపైన కండరాలు ఉండి కీలును కదుపుతాయి, అదురును కొంత తామే భరిస్తాయి.

ఇంత పలుచని పొర అన్ని క్వింటాళ్ల బరువును ఎలా మోస్తుందంటారా? ఒక గోనెసంచిలో ఉలవలు కూరి మూతి బిగించి నీటిలో పడవేశారనుకోండి. ఉలవలు నీరు పీల్చి ఉబ్బుతాయి, సంచి వాటిని ఉబ్బనీయక పట్టి ఉంచుతుంది. అప్పుడు ఆ మూట రాయిలా గట్టిగానూ ఉంటుంది, పైన కూర్చుంటే కొంచెం అణగి మళ్లీ లేస్తుంది. మృదులాస్థి పనిచేసే తీరు ఇదే. అందులో మూడు వంతులు నీరే. ఆ నీటిని పట్టి ఉంచే పదార్థం ఉలవల వంటిది. దానిని బిగించి ఉంచే కొల్లాజెన్ అనే నారల వల గోనెసంచి వంటిది. అడుగు పడినప్పుడు పొర అణుగుతుంది, అడుగు లేచినప్పుడు తిరిగి ఉబ్బుతుంది.

ఈ పొరకు రెండు విశేషాలున్నాయి. వీటిని మరచిపోకండి, తరువాత చెప్పబోయేదంతా వీటి మీదనే ఆధారపడి ఉంది. మొదటిది, దీనిలో రక్తనాళాలు లేవు. చర్మం తెగితే రక్తం ఆహారాన్నీ కొత్త కణాలనూ తెచ్చి మాన్పుతుంది. మృదులాస్థికి ఆ దారి లేదు. అణిగి లేచేటప్పుడు పీల్చుకునే కీలురసమే దానికి ఆహారం. అనగా కదలికే దానికి మేత. రెండవది, దీనిలో నరాలు లేవు. కనుక అరుగుదల మొదలైనప్పుడు పశువుకు నొప్పి తెలియదు. అరుగుదల కీలు సంచి దాకా, అడుగునున్న ఎముక దాకా వచ్చాక గాని పశువు కుంటదు. మనం కుంటును చూసేనాటికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఒకసారి చెడిన మృదులాస్థి తిరిగి మొదటిలా కాదని విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే లండనులో వ్రాసి ప్రకటించాడు. అప్పటినుంచి శాస్త్రం ఎంతో ముందుకు పోయింది. కాని ముసలి ఎద్దు కీలులో ఆ పొరను మళ్లీ మొలిపించే మందు గాని, పొడి గాని నేటికీ లేదు. బండి ఇరుసు అరిగితే కొత్తది వేస్తాము. కీలుకు ఆ అవకాశం లేదు.

వయసుతో వచ్చే మార్పులు

వయసు పైబడిన కొద్దీ మొదట తగ్గేది నీరు. ఇందాక చెప్పిన ఉలవల మూటలో ఉలవలు చితికి చిన్నవైతే నీరు పట్టవు, మూట వదులవుతుంది. అదే విధంగా నీటిని పట్టే పదార్థం చిన్న చిన్న తునకలై తగ్గిపోతుంది. పొర అణిగితే మునుపటిలా లేవదు.

తరువాత నారల సంగతి. ఎదిగిన పశువు మృదులాస్థిలో ఈ నారలు కొత్తగా తయారు కావడం బహు తక్కువ. దూడప్పుడు వేసిన వలే చివరిదాకా ఉండాలి. రక్తంలోని చక్కెర ఏండ్ల తరబడి ఈ నారలకు అంటుకొని వాటిని ఒకదానికొకటి ముడివేస్తుంది. తెల్లని పొర పసుపు రంగుకు తిరుగుతుంది. గట్టిపడుతుంది గాని పెళుసవుతుంది. నారలు ముడిపడడం ఏమిటో వంటింట్లో అందరికీ తెలుసు. లేత మేక మాంసం కాసేపట్లో ఉడుకుతుంది. ముదురు మేక మాంసం ఎంతసేపు ఉడికించినా పీచు వదలదు. వయసుతో బిగిసిన ఆ నారలే దీనికి కారణం. కీలు కట్లలోనూ, కండరాన్ని ఎముకకు కట్టే నారతాళ్లలోనూ ఇదే జరుగుతుంది. అందుచేతనే ముసలి పశువు కీలు పూర్తిగా ముడుచుకోదు, పూర్తిగా చాచుకోదు.

మృదులాస్థిలోని కణాలు కూడా తగ్గుతాయి. మిగిలినవి మందగించి, చిన్న చిన్న చీలికలను సరిచేయలేకపోతాయి. కీలురసం జిగురు తగ్గి పలుచబడుతుంది. పొర పలుచనైన చోట అడుగునున్న ఎముక గట్టిపడి, కీలు అంచుల వెంట మొటిమల వంటి ఎముక పెరుగుదలలు వస్తాయి. వెనుక కాలి మడమ కీలు దగ్గర చేయి పెడితే ముసలి ఎద్దులో గట్టిగా, ఎత్తుగా తగిలేది తరచు ఇదే. తొడ కండరాలు కరిగి, అవి భరించవలసిన అదురు కూడా కీలు మీదనే పడుతుంది.

అయితే ఒక మాట. వయసు ఒక్కటే కీలును పాడుచేయదు. వయసు కీలు ఓర్పును తగ్గిస్తుంది. మిగిలిన పని బరువు, దెబ్బ, నేల, గిట్ట చేస్తాయి. ఒకే ఈడు ఎడ్లు రెంటిలో ఒకటి పన్నెండేండ్లకు కూడా నాగలి లాగుతుంది, మరొకటి ఎనిమిదేండ్లకే కూలబడుతుంది. ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో చూద్దాము.

మొదటి నాలుగేండ్లు

ముసలితనంలో కీలు ఎలా ఉంటుందన్నది చాలావరకు దూడప్పుడూ కోడెప్పుడూ నిర్ణయమవుతుంది. దూడ పుట్టిన వెంటనే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ వేయండి. గంట రెండు గంటల లోపల జున్నుపాలు తాగించండి. బొడ్డు ద్వారా చీము క్రిములు లోపలికి పోతే కీళ్లలో చేరి వాపు తెస్తాయి. ఆ దూడ బతికినా దాని కీలు అప్పుడే సగం ముసలిదైనట్లు లెక్క.

కోడె ఎముకలు పొడవు పెరిగే చోట్లు కొనల దగ్గర ఉంటాయి. భుజం, మోకాలు వంటి పెద్ద కీళ్ల దగ్గర ఇవి మూడున్నర, నాలుగేండ్ల దాకా పూర్తిగా గట్టిపడవు. దీనికి పంచాంగం చూడనక్కరలేదు, పళ్లు చూస్తే చాలు. రెండు, రెండున్నర ఏండ్లకు మొదటి జత పాలపళ్లు ఊడి పెద్దపళ్లు వస్తాయి. నాలుగు, అయిదేండ్ల మధ్య ఎనిమిది పళ్లూ నిండుతాయి. ఎముక గట్టిపడేదీ ఇంచుమించు ఆ నాటికే. కనుక రెండు పళ్ల కోడెను కాడికి అలవాటు చేయండి, తేలిక గుంటక తోలండి. కాని నిండు బండి కట్టకండి, లోతు దుక్కికి పూయకండి. నాలుగు పళ్లప్పుడు సగం పని, నోరు నిండాక పూర్తి పని. ఇదీ లెక్క.

మన బండలాగుడు పోటీలలో కూడా రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెడతారు గదా. వయసును బట్టి బలం మారుతుందని పెద్దలకు తెలుసు. అయితే కోడె బలం కండలో ముందు వస్తుంది, కీలులో వెనుక వస్తుంది. లాగగలదు గదా అని లాగించడం, ఆరని గోడ మీద కప్పు వేయడం వంటిది.

పనిలో జాగ్రత్తలు

ఎద్దు రోజంతా నిలకడగా లాగగల బలం దాని ఒంటి బరువులో సుమారు పదోవంతు. మిట్ట ఎక్కేటప్పుడు, దిగబడిన బండిని లాగేటప్పుడు ఇంతకు ఎన్నో రెట్లు లాగుతుంది గాని, అది అప్పు తెచ్చుకున్న బలం. ఆ అప్పును కీళ్లే తీరుస్తాయి. దిగబడిన బండిని అదిలించి ఒక్క కుదుపున లాగించే బదులు, సగం బరువు దింపి లాగించండి. లోతు బురదలో దమ్ము చేసే ఎద్దు ప్రతి అడుగుకూ కాలు పీకి వేయాలి. అటువంటి పనిలో తరచు విడుపు ఇవ్వాలి.

లాగుడు పశువుల విషయంలో కేంద్ర ప్రభుత్వం 1965లో నియమాలు చేసింది. వాటి ప్రకారం పశువును రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పనిచేయించకూడదు. విశ్రాంతి లేకుండా ఒక్క బిగిన అయిదు గంటలకు మించి తోలకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా పశువును బండికి కట్టకూడదు. ఇది వయసులో ఉన్న ఎద్దుకు చెప్పిన హద్దు. వయసు పైబడినదానికి ఇందులో సగమే ఎక్కువ.

జత ఎడ్లు ఎత్తులో సమానంగా ఉండాలి. ఎగుడు దిగుడైతే కాడి వాలి, పొట్టిదాని మీద భారం పడుతుంది. బండిలో బరువు ముందుకు గాని వెనుకకు గాని ఒరగకుండా సర్దాలి.

ఇక గిట్టలు. వీటిని చూసే రైతులు తక్కువ. పశువు గిట్ట నెలకు సుమారు అర సెంటీమీటరు పెరుగుతుంది. మెత్తని నేలలో తిరిగేదానికీ, కట్టివేసి ఉండేదానికీ ఇది అరగదు. కొన ముందుకు సాగి, బరువు మడమ మీదికి పోయి, పైనున్న కీళ్లన్నీ వంకరగా నిలుస్తాయి. గూట వంకరైతే చక్రం ఒక పక్కకు అరిగినట్లే ఇదీ. ఏడాదికి రెండుసార్లు గిట్టలు కోయించండి. తారు రోడ్డు మీద బండి తోలే ఎడ్లకు లాడాలు కొట్టించండి, అరిగిన లాడాన్ని ఆలస్యం చేయక మార్పించండి.

మేత, కొట్టం

కీళ్లు అరగకుండా ఉండాలంటే మేత ఎక్కువ పెట్టడం కాదు, సరిగా పెట్టడం ముఖ్యం. దీనికి కుక్కల మీద జరిగిన పరిశీలన ఒకటి చెబుతాను. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కపిల్లలను జతలుగా విడదీసి, ఒకదానికి పెట్టినదానిలో నాలుగోవంతు తగ్గించి రెండోదానికి జీవితాంతం పెట్టారు. 2002లో ప్రకటించిన ఫలితం చూడండి. బక్కగా పెరిగిన కుక్కలకు కీళ్ల అరుగుదల ఆలస్యంగా వచ్చింది. అవి రెండోవాటి కంటే సుమారు రెండేండ్లు ఎక్కువ బతికాయి. ఎద్దు కుక్క కాదు, నిజమే. అయినా ఒంటి మీద అక్కరలేని బరువును మోసేది కీలే అన్న సంగతి ఏ పశువుకైనా ఒకటే. పని లేని రోజుల్లో దాణా తగ్గించండి. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం మానకండి. పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాములు చాలు.

పాడి ఆవులకు, గేదెలకు కీలు పాడయ్యేది పొలంలో కాదు, కొట్టంలో. సిమెంటు నేల శుభ్రానికి మంచిదే గాని మోకాళ్లకు శత్రువు. ఆవు రోజుకు పది పన్నెండు గంటలు పడుకోవాలి. గట్టి నేల మీద పడుకోలేక నిలబడే ఉంటే గిట్టలు, కీళ్లు రెండూ చెడతాయి. వరిగడ్డి, ఊక, ఇసుక, రబ్బరు చాప, ఏదో ఒకటి మెత్తగా పరవండి. జారే నేలకు గాట్లు పెట్టించండి. ముసలి పశువు ఒకసారి జారి కాళ్లు చీలితే మళ్లీ లేవడం కష్టం.

ముసలిదైనంత మాత్రాన పశువును గుంజకు కట్టి ఉంచకండి. ఇందాక చెప్పాను గదా, కదలికే మృదులాస్థికి మేత. ఉదయం, సాయంత్రం చదును నేల మీద మెల్లగా తిప్పండి. పనికి కట్టే ముందు ఒక ఫర్లాంగు ఉత్తిచేత నడిపించి కట్టండి. చలికాలంలో ఇది మరీ అవసరం.

ముసలితనం కానివి

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. పశువు బిగుసుకొని నడిస్తే అది ముసలితనమే అనుకోకండి. వయసు వల్ల వచ్చే బిగువుకు ఒక తీరున్నది. అది మెల్లగా, నెలలూ ఏండ్లూ పట్టి వస్తుంది. పొద్దున ఎక్కువగా ఉండి, నడిచిన కొద్దీ సడలుతుంది. జ్వరం ఉండదు, మేత మానదు. ఈ తీరుకు భిన్నంగా ఉంటే వేరే కారణం వెతకవలసిందే.

ఒక్క కీలే హఠాత్తుగా వాచి, చేయి పెడితే వేడిగా ఉండి, పశువు మేత మానితే అది చీము గాని, దెబ్బ గాని అయి ఉంటుంది. ఒక్క రోజు ఆలస్యమైనా కీలు పోతుంది. వెంటనే పశువైద్యునికి చూపండి.

నడుస్తూ నడుస్తూ వెనుక కాలు వెనక్కు చాచుకొని బిగిసిపోయి, గిట్ట కొన నేలకు రాసుకొని, నాలుగడుగుల తరువాత ఒక్క కుదుపుతో విడిపోతున్నదా? అది మోకాటి చిప్ప పైకెక్కి చిక్కుకోవడం. మన పని ఎడ్లలోనూ, గేదెలలోనూ ఇది తరచు కనిపిస్తుంది. "వాతం" అని వాతలు పెట్టించి, చివరకు అమ్ముకునేవారున్నారు. పశువైద్యుడు ఆ చోట మత్తు సూది వేసి చిన్న కట్టు ఒకటి కోస్తే కొద్ది నిమిషాల పని. చాలా పశువులు అప్పటికప్పుడే చక్కగా నడుస్తాయి.

గోడలు నాకడం, మట్టి తినడం, ఎముకలు నమలడం చేస్తూ బిగుసుకొని నడిచే పశువుకు భాస్వరం లోపం ఉండవచ్చును. దీనికి ఖనిజ లవణాలతో గుణం కనిపిస్తుంది. గాలికుంటు వచ్చి పోయిన పశువు గిట్టలు చెడి కుంటవచ్చును. ముంగాలి మోకాలి మీద నీటి బుడ్డలా వాపు వస్తే గట్టి నేల వల్ల కావచ్చును. బ్రూసెల్లా అనే ఈసుకుపోయే జబ్బు వల్ల కూడా కావచ్చును. ఆ జబ్బు మనుషులకు అంటుతుంది. కనుక ఆ వాపును మీరే సూదితో గుచ్చి నీరు తీయకండి.

ఇక నీటి సంగతి. మన నేలలో ఇది చిన్న విషయం కాదు. నల్గొండ జిల్లాలోనూ, ప్రకాశం జిల్లాలోనూ కొన్ని ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ నీటి వల్ల మనుషుల ఎముకలకు వచ్చే జబ్బును షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1937లో గుర్తించి ప్రకటించారు. ఈ నీరు మనుషులనే కాదు, పశువులనూ పట్టుకుంటుంది. ఎముకలపై గడ్డలు లేస్తాయి, కీళ్ల కట్లు ఎముకలా గట్టిపడతాయి, అయిదారేండ్ల ఎద్దు పదిహేనేండ్ల ఎద్దులా నడుస్తుంది. దీనిని గుర్తుపట్టడానికి నోరు తెరచి పళ్లు చూడండి. దూడప్పటి నుంచి ఆ నీరు తాగిన పశువు పళ్లమీద గోధుమ రంగు మచ్చలు, గాట్లు ఉంటాయి, పళ్లు తొందరగా అరుగుతాయి. పక్క ఊరినుంచి పెద్దదయ్యాక కొనితెచ్చిన పశువుకు పళ్లు బాగుండి కీళ్లు మాత్రం పట్టవచ్చును. దీనికి మందు లేదు, నీరు మార్చడమే. చెరువు నీరు, కాలువ నీరు, వాన నీరు దొరికితే ముందు దూడలకు, చూడి పశువులకు కేటాయించండి.

గ్రామాల్లో తిరిగే విస్తరణ కార్యకర్తలకు ఇక్కడ ఒక మనవి. ఒక ఇంట్లో ఒక ఎద్దు కుంటితే అది ఆ ఎద్దు జబ్బు. ఒక బోరు నీరు తాగే పశువులన్నీ బిగుసుకొని నడుస్తుంటే అది ఆ బోరు జబ్బు. మందు చీటీ వ్రాయించే ముందు నీటిని పరీక్షకు పంపించండి.

నొప్పికి ఏమి చేయాలి?

పశువు మూలుగదు, ఏడవదు. నొప్పిని దాచుకోవడం దాని స్వభావం, ఎందుకంటే మందలో కుంటేదాని మీదనే పులి కన్ను పడుతుంది. కనుక నొప్పిని మనమే కనిపెట్టాలి. వెనుక కాళ్లు ముందు ఎత్తవలసిన పశువు, ముంగాళ్లు ముందు ఎత్తి కుక్కలా కూర్చొని లేస్తున్నదా? ఒక కాలును తరచు ఎత్తి పెడుతున్నదా? వీపు గూనిగా పెట్టి నడుస్తున్నదా? మలుపు దగ్గర జంకుతున్నదా? ఇవన్నీ నొప్పి మాటలే.

కొత్త దెబ్బకు, వేడి వాపుకు చన్నీటి కాపడం. పాత బిగువుకు వేడినీటి కాపడం. గుడ్డ ముంచి పిండి, మీ చేతికి ఓర్చుకునే వేడితో పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టండి. నూనె మర్దన కండరానికి హాయినిస్తుంది, చేయవచ్చును. కాని ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం మానండి. వాత చర్మాన్ని కాలుస్తుంది గాని, లోపల అరిగిన పొరను మొలిపించలేదు. పాత నొప్పి మీద కొత్త నొప్పి తెచ్చి, కొన్నాళ్లు పాతదాన్ని మరిపించడమే అది చేసే పని.

నొప్పి తగ్గించే సూదిమందులున్నాయి. అవి నొప్పిని తగ్గిస్తాయి, కీలును బాగుచేయవు. సూది వేయించి మర్నాడే పూర్తి పనికి కడితే, తెలియకుండా అరిగే కీలును తెలిసి అరగదీసినట్లే. మందుతో పాటు విశ్రాంతి కూడా ఉండాలి. పాలిచ్చే పశువుకు వేసినప్పుడు ఎన్ని రోజుల పాలు వాడరాదో వైద్యుణ్ణి అడగండి.

ఈ మందుల విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. డైక్లోఫినాక్ అనే మందును పశువులకు వాడడాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఈ మందు వేసిన పశువు కొద్ది రోజుల్లో చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపల మన దేశంలో 99 శాతానికి పైగా తగ్గిపోవడానికి ఇదే ముఖ్య కారణం. ఊరిబయట కళేబరాలను గంటల్లో శుభ్రం చేసే పక్షి అది. అది పోయాక ఆ చోట ఊరకుక్కలు చేరాయి. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ మందులను కూడా ఇదే కారణంగా పశువులకు 2023లో నిషేధించారు. మెలాక్సికామ్ అనే మందు పశువుకు పనిచేస్తుంది, రాబందుకు హాని చేయదు. మనుషుల మందుల దుకాణం నుంచి సూదిమందు తెచ్చి పశువుకు వేయించకండి. వైద్యుణ్ణి ఏ మందు వేస్తున్నారో పేరు అడగండి.

సంతలో ఎద్దును కొనేటప్పుడు

సంతలో నిలబెట్టి చూపిన ఎద్దును చూసి మోసపోకండి. నొప్పి సూది వేసి తెచ్చిన ఎద్దు ఆ పూట బాగానే నడుస్తుంది. పళ్లు చూశాక ఎద్దును పడుకోబెట్టి లేపి చూడండి. గట్టి నేల మీద నడిపించండి. రెండువైపులా చిన్న వలయంగా తిప్పండి, నాలుగడుగులు వెనక్కు నడిపించండి. కీలు నొప్పి వెనక్కు నడిచేటప్పుడు దాగదు. మడమ కీళ్లు రెంటినీ చేత్తో తడిమి పోల్చి చూడండి. వీలుంటే ఒక రాత్రి కట్టి ఉంచి, మర్నాడు పొద్దున లేచేటప్పుడు చూసి బేరం ముగించండి.

చివరగా సారాంశం చెబుతాను. కీలులోని నున్నని పొర ఒక్కసారే వస్తుంది, పోతే రాదు. నోరు నిండే దాకా కోడెకు నిండు బరువు కట్టకండి. ఏడాదికి రెండుసార్లు గిట్టలు కోయించండి. కొట్టంలో మెత్తగా పరవండి. ముసలి పశువును తేలికగా తిప్పండి, కట్టి ఉంచకండి. బిగుసుకొని నడిచే ప్రతి పశువునూ ముసలిదని తోసివేయక, పళ్లు, నీరు, మోకాటి చిప్ప, గిట్ట చూసి మరీ నిర్ణయించండి. నిషేధించిన మందులు వేయించకండి.

ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గిన మాట నిజమే. కాని ఎద్దు మీద ఆధారపడిన చిన్న రైతుకు ఒక్క ఎద్దు కుంటితే జత పోతుంది, జత పోతే అదను పోతుంది. "ఎద్దు ఏడ్చిన సేద్యం" బాగుపడదని పెద్దలు ఊరికే అనలేదు. రేపు తెల్లవారి కొట్టంలోకి వెళ్లినప్పుడు అదిలించే ముందు ఒక్క నిమిషం ఆగి, మీ ఎద్దు ఎలా లేస్తున్నదో చూడండి.